వీడియో ఎంత చూసినా జొన్నరొట్టె తట్టడం రావట్లేదు, కన్ను చూసింది చేతికి ఎందుకు చేరదు?

అనంత_కోడలు (అనంతపురం)
అందరికీ నమస్తే. నేను పుట్టి పెరిగింది తెనాలి వైపు, పెళ్ళయ్యాక అనంతపురం వచ్చా. ఇక్కడ రాత్రిపూట జొన్నరొట్టె లేకపోతే మా మామయ్యకి అన్నం తిన్నట్టే ఉండదు. అత్తమ్మ తడుతుంటే రొట్టె పీట మీద దానంతట అదే తిరుగుతుంది, అంచు ఎక్కడా పగలదు. నేను యూట్యూబ్‌లో ఎన్ని వీడియోలు చూశానో లెక్క లేదు, కళ్ళు మూసుకుంటే ప్రతి కదలికా కనిపిస్తుంది, ముందు ఏం చేయాలి తర్వాత ఏం చేయాలి అన్నీ వరసగా చెప్పగలను, కానీ చెయ్యి పెడితే చాలు అంచు చీలిపోతుంది. నా ప్రశ్న వంట గురించి మాత్రమే కాదండీ. కళ్ళతో చూసి ఇంత బాగా గుర్తుపెట్టుకున్నది చేతికి ఎందుకు చేరట్లేదు? చూసిన జ్ఞాపకం వేరు, చేసే జ్ఞాపకం వేరా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, ఊరికే ప్రాక్టీస్ చెయ్ అని మాత్రం చెప్పొద్దు ప్లీజ్.

ఎర్రనేల (ఆదోని)
అక్కా ముందు పిండి సంగతి చెప్తా, తర్వాత మెదడు సంగతి తెలిసినోళ్ళు చెప్తారు. జొన్నలో గోధుమకు ఉండే గ్లూటెన్ ఉండదు, సాగదు. అందుకే మసిలే నీళ్ళు పోసి కలపాల, ఆ వేడికి పిండిలో గంజి కొంచెం ఉడికి పట్టు వస్తాది, రొట్టెను కాపాడేది ఆ పట్టే. బాగా మర్దించకుంటే ఎంత పనిమంతురాలు తట్టినా అంచు పగులుతాది. ఇది వీడియోలో కనపడదు, చూసేదానికి రెండు ముద్దలూ ఒకే మాదిరి ఉంటాయి, చేత్తో నొక్కితేనే తేడా తెలిసేది. మీ అత్తమ్మ ముద్ద పక్కన మీ ముద్ద పెట్టి రెండూ వేలితో నొక్కి చూడండి.

మనసు_మెదడు (కర్నూలు)
మంచి ప్రశ్న అడిగారు, నేను సైకాలజీ చదువుకున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. సరిగ్గా మీరు చెప్పిన దాని మీదే ఒక పరిశోధన ఉంది. షికాగో యూనివర్సిటీలో మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అనే ఇద్దరు 2018లో ప్రచురించారు. బల్ల మీద గిన్నెలు గ్లాసులు కదలకుండా కింద ఉన్న గుడ్డ ఒక్కసారిగా లాగేసే విద్య ఉంటుంది కదా, దాని వీడియో కొందరికి ఒకసారి చూపించారు, కొందరికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవాళ్ళకి నేను చేయగలను అనే నమ్మకం బాగా పెరిగింది. డార్ట్స్ విసరడం, మూన్‌వాక్ లాంటి వాటితో నిజంగా చేయించి చూస్తే ఎక్కువసార్లు చూసినవాళ్ళు తక్కువసార్లు చూసినవాళ్ళ కంటే ఏమీ బాగా చేయలేదు. ఇంకో సంగతి, గారడీవాళ్ళు గాల్లోకి ఎగరేసి పట్టుకునే పిన్నుల వీడియో చూసిన తర్వాత ఆ పిన్నుల్ని ఊరికే కాసేపు చేతిలో పట్టుకోనిస్తే చాలు, ఆ అతి నమ్మకం తగ్గిపోయింది. బరువు, పట్టు, జారుడు ఇవి కంటికి అందవు, పైన ఎర్రనేల గారు పిండి గురించి చెప్పింది కూడా ఇదే.

అనంత_కోడలు (అనంతపురం)
థాంక్సండీ ఇద్దరికీ. ముద్దలు నొక్కి చూశాను, నిజంగానే తేడా ఉంది, నాది పొడిపొడిగా విడిపోతోంది. కానీ నా అసలు అనుమానం అలాగే ఉంది. నాకు గుర్తు ఉందనేది అబద్ధం కాదు కదా, కదలికలన్నీ కచ్చితంగా గుర్తున్నాయి. ఆ జ్ఞాపకం అంత స్పష్టంగా ఉండి కూడా చేతిని ఎందుకు నడిపించలేకపోతోంది?

మనసు_మెదడు (కర్నూలు)
దీనికి కొంచెం పెద్ద సమాధానం ఉంది, ఓపిగ్గా చదవండి.

కంటి నుంచి వచ్చిన సమాచారం తల వెనక భాగంలో ఉన్న దృష్టి కేంద్రానికి చేరాక అక్కడ నుంచి రెండు ముఖ్యమైన దారులుగా విడిపోతుంది. ఒకటి కిందగా చెవుల వైపు భాగానికి పోతుంది, ఇది ఏమిటి, ఎవరు, ఏ రంగు అని గుర్తుపట్టే దారి. రెండోది పైకి నడినెత్తి వైపు పోతుంది. మిష్కిన్, అంగర్‌లైడర్ అనేవాళ్ళు 1982 ప్రాంతంలో కోతుల మీద పనిచేసి ఈ రెండు దారుల సంగతి చెప్పారు, పై దారి పని వస్తువు ఎక్కడ ఉందో చెప్పడం అన్నారు. 1992లో గుడేల్, మిల్నర్ అనే ఇద్దరు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు, పై దారి పని చేతిని కాలిని నడిపించడం అన్నారు. అంటే గుర్తుపట్టడానికి ఒక చూపు, పని చేయడానికి ఇంకో చూపు.

వాళ్ళకి ఈ ఆలోచన ఒక పేషెంట్ వల్ల వచ్చింది, పరిశోధనల్లో ఆమెని డి.ఎఫ్. అనే పొడి అక్షరాలతోనే రాస్తారు. 1988లో గ్యాస్ హీటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆమె మెదడు దెబ్బతింది. వస్తువు ఆకారం చూసి అదేమిటో చెప్పలేదు. ఒక గుండ్రటి పలకలో సన్నటి గాటు పెట్టి అది ఎటు వాలి ఉందో చెప్పమంటే చెప్పలేకపోయింది, చేతిలో కార్డు అదే వాలుకి తిప్పి చూపించమన్నా కుదరలేదు. సరే ఈ కార్డు ఆ గాటులో వెయ్యి అంటే మాత్రం చెయ్యి పోతూ పోతూనే సరైన వాలుకి తిరిగి కార్డు లోపలికి వెళ్ళిపోయింది! తనకి ఏం కనిపిస్తోందో చెప్పలేని మనిషి చేత్తో మాత్రం సరిగ్గా చేసింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తా. అదే డి.ఎఫ్.కి ఒక వస్తువు చూపించి, తీసేసి, రెండు సెకన్లు ఆగి, అది అక్కడే ఉందనుకుని పట్టుకున్నట్టు చెయ్యి చూపించు అన్నారు. ఎదురుగా ఉన్నప్పుడు సైజుకి తగ్గట్టు తెరుచుకున్న వేళ్ళు ఇప్పుడు తెరుచుకోలేదు. మామూలు వాళ్ళు మాత్రం గుర్తు తెచ్చుకుని సైజుకి తగ్గట్టే తెరిచారు. అంటే చేతిని నడిపించే చూపు అప్పటికప్పుడు పనిచేసేది, వస్తువు ఎదురుగా ఉన్నంతసేపే దానికి లెక్క అందుతుంది, దాచిపెట్టుకోదు. దాచిపెట్టుకుని తర్వాత గుర్తు తెచ్చుకునేది గుర్తుపట్టే దారి. మీకు కళ్ళు మూసుకుంటే కనిపించే రొట్టె ఈ గుర్తుపట్టే దారిది. అది నిజమైన జ్ఞాపకమే, దాంతో మీరు ఎదుటి మనిషి తట్టే రొట్టె బాగుందో లేదో చెప్పగలరు, వరస చెప్పగలరు, కానీ మీ అరచెయ్యి ఎంత వాలాలో ఎంత బలంగా పడాలో అందులో ఉండదు.

కందనవోలు (కర్నూలు)
బాగుంది గానీ నాకొక అభ్యంతరం. ఒక్క పేషెంట్‌ని చూసి అందరి మెదడూ ఇంతే అనేస్తే ఎట్ల అన్నా? దెబ్బ తగిలిన మెదడు తన తిప్పలు తాను పడి వేరే ఏదో దారి వెతుక్కుని ఉండొచ్చు కదా. పైగా మామూలు మనుషుల్లో ఈ రెండు దారులూ గోడ కట్టినట్టు విడివిడిగా ఉంటాయంటే నేను నమ్మను. టీ గ్లాసు అందుకునేటప్పుడు అది గ్లాసు అని, అందులో ఉన్నది వేడి టీ అని గుర్తుపడితేనే కదా పైన అంచు దగ్గర జాగ్రత్తగా పట్టుకునేది.

మనసు_మెదడు (కర్నూలు)
గోడ లేదు, ఒప్పుకుంటాను. రెండు దారులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయని ఇప్పుడు చాలామంది అంటారు. మీరు చెప్పిన టీ గ్లాసు దానికి సరైన ఉదాహరణ, ఎక్కడ పట్టుకోవాలో గుర్తుపట్టే దారి చెప్తుంది, వేళ్ళు ఎంత తెరవాలో రెండోది చూసుకుంటుంది. డి.ఎఫ్. మీద కూడా వాదనలు ఉన్నాయి. 1995లో ఒక ప్రయోగంలో, చుట్టూ చిన్న బిళ్ళలు పెడితే మధ్య బిళ్ళ పెద్దదిగా కనిపించే భ్రమ కంటికే గానీ పట్టుకునే వేళ్ళకి పెద్దగా లేదు అన్నారు, తర్వాత వేరేవాళ్ళు లేదు వేళ్ళు కూడా మోసపోతాయి అన్నారు, ఆ గొడవ ఇంకా తెగలేదు. కానీ మామూలు మనుషుల్లో కూడా ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకునే తీరు, జ్ఞాపకం నుంచి పట్టుకున్నట్టు చూపించే తీరు ఒకేలా ఉండవు. మన చర్చకి అంత వరకు చాలు.

మగ్గంపని (ధర్మవరం)
ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయినా. మా ఇంట్లో తాతల కాలం నుంచి మగ్గమే, గుంట మగ్గం. కొత్తగా నేర్చుకునే పిల్లోల్లు అందరూ ఒకే పని చేస్తారు, నాడె వంక, అంటే పేక నూలు మోసుకుని పడుగులో అటూ ఇటూ పోయే దాని వంక చూస్తారు. నాడె ఇటు నుంచి అటు పోతాంటే తల కూడా దాంతో పాటు తిరుగుతాది. పని వచ్చినోడు నాడెను చూడనే చూడడు. వాని కన్ను పేక పడి బిగిసే చోట ఉంటాది, నేసిన బట్టకూ ఇంకా నేయాల్సిన పడుగుకూ నడుమ ఆ అంచు ఉంటాది చూడండి, అక్కడ. నాడె పోయిందా లేదా చేతికి వచ్చే లాగుడు చెప్తాది, చప్పుడు చెప్తాది. పడుగులో పోగు తెగితే కంటి కొసలో ఆ చోట నిగనిగలో తేడా తెలుస్తాది, అప్పుడు మాత్రం కన్ను అక్కడికి పోతాది, చెయ్యి ఆగిపోతాది. ఇది యాడ నేర్చుకున్నావంటే నేను చెప్పలేను, మా నాయన కూడా చెప్పలేదు, ఎట్ల చూడాల్నో ఎవురూ ఎవురికీ చెప్పరు.

ఇంకో మాట. పట్టుచీర పైట కొంగు మీద ఎన్ని హంసలు ఎన్ని మామిడి పిందెలు ఉన్నా అవన్నీ నేసేవాని తలలో ఉంటాయని జనం అనుకుంటారు. లేదు. అది మగ్గం మీద ఉండే జకాట అట్టల చిల్లుల్లో ఉంటాది, ఏ పోగు లేవాల్నో ఆ చిల్లులే చెప్తాయి, ఇప్పుడు కొందరు కంప్యూటర్ జకాటలు కూడా పెట్టుకున్నారు. మేము తలలో పెట్టుకునేది పోగు బిగువు, జరీ తిరిగే తీరు, అంతే.

మనసు_మెదడు (కర్నూలు)
అన్నా మీరు రాసింది ల్యాబుల్లో కళ్ళకి కెమెరా కట్టి కనుక్కున్న దానితో అచ్చం సరిపోయింది. మైకేల్ లాండ్ అనే ఆయన, ఇంకో ఇద్దరూ కలిసి 1999లో మనుషులు టీ పెట్టేటప్పుడు కన్ను ఎక్కడెక్కడ ఆగుతుందో రికార్డు చేశారు. కన్ను చేతి కంటే సుమారు అర సెకను ముందు ఉంటుంది. చెయ్యి కెటిల్ మూత దగ్గర పని ముగిస్తుండగానే కన్ను కుళాయి దగ్గరికి వెళ్ళిపోతుంది. పనితో సంబంధం లేని వస్తువు ఆ గదిలో ఎన్ని ఉన్నా వాటి మీద చూపు దాదాపు పడదు. అమెరికాలో మేరీ హేహో వాళ్ళు బ్రెడ్‌కి మన చెనిక్కాయల వెన్న, జామ్ పూసే పని మీద ఇదే చూశారు, ఇదే వచ్చింది.

అట్టల మాట కూడా ఎంత బాగా చెప్పారో. 1995లో బల్లార్డ్, హేహో, పెల్జ్ ఒక ప్రయోగం చేశారు. స్క్రీన్ మీద రంగు బిళ్ళలతో ఒక నమూనా ఉంటుంది, దాన్ని చూసి పక్కన అలాగే పేర్చాలి. చిన్న నమూనానే, కొంచెం గుర్తుపెట్టుకుని చకచకా పేర్చేయొచ్చు. కానీ జనం అలా చేయలేదు, ఒక బిళ్ళకి తరచుగా రెండుసార్లు నమూనా వంక చూశారు, రంగు కోసం ఒకసారి, చోటు కోసం ఇంకోసారి. ఎదురుగా ఉన్నదాన్ని మెదడు మోసుకు తిరగదు, కావాల్సినప్పుడు కన్ను పంపించి తెప్పించుకుంటుంది. ఒక్కసారిగా కంటితో చూసి మనసులో నిలుపుకోగలిగేది మూడు నాలుగు వస్తువులే అని లక్, వోగెల్ 1997లో చూపించారు, అందుకే మెదడు ఇంత పొదుపుగా ఉంటుంది.

ఓపెనింగ్_బ్యాట్ (అనంతపురం)
క్రికెట్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి! 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మన ఆర్‌డీటీ స్టేడియంలో జరిగినప్పుడు నేను స్కోరు కంటే బ్యాట్స్‌మెన్ తలలు ఎక్కువ చూశాను, బాల్ చేతి నుంచి వదిలాక తల ఎంత కదలకుండా ఉంటుందో చూడాలి అంతే. అందరూ పిల్లలకి బాల్ మీద నుంచి కన్ను తియ్యొద్దు అని చెప్తారు కదా, నిజానికి మంచి బ్యాట్స్‌మన్ కన్ను తీస్తాడు. పైన చెప్పిన లాండ్ గారే మెక్‌లియడ్ అనే ఆయనతో కలిసి 2000లో దీని మీద రాశారు. బౌలింగ్ మెషిన్ సెకనుకి 25 మీటర్ల స్పీడుతో వేస్తుంటే, అంటే గంటకి 90 కిలోమీటర్లు, బ్యాట్స్‌మన్ బాల్ బయటికి రావడం చూస్తాడు, వెంటనే కన్ను ఎగిరి పిచ్ మీద బాల్ పడబోయే చోటుకి ముందే వెళ్ళి కూర్చుంటుంది, బాల్ అక్కడికి వచ్చి పడుతుంది, మళ్ళీ అక్కడ నుంచి కాసేపు వెంబడిస్తుంది. ఆట బాగా వచ్చినవాడి కన్ను ఈ దూకుడు తొందరగా చేస్తుంది, రానివాడిది లేటవుతుంది. మరి ఎక్కడ పడుతుందో ముందే ఎట్ల తెలుసు? చూసిన బాల్స్ అన్నీ కలిసి ఆ అంచనాని తయారు చేస్తాయి. అంటే అక్కడ జ్ఞాపకం కన్నుని నడిపిస్తోంది, కన్ను చేతిని నడిపిస్తోంది.

కంటికి కనిపించింది చేతి కదలికగా మారడానికి ఎంత లేదన్నా సెకనులో ఐదో వంతు పడుతుంది, కాబట్టి ఫాస్ట్ బౌలింగ్‌లో బాల్ బ్యాట్ దగ్గరికి వచ్చాక చూసి కొట్టేది ఏమీ ఉండదు.

కందనవోలు (కర్నూలు)
ఇది మాత్రం నాకు బాగా నచ్చింది. అయితే వీడియో వల్ల ఉపయోగం అసలు లేదా మరి? వెనకటికి పనులన్నీ చూసే కదా నేర్చుకునేది. కమ్మరి కొలిమి దగ్గర పిల్లోడు ఏండ్ల కొద్దీ కూర్చుని చూసేవాడు.

మగ్గంపని (ధర్మవరం)
చూస్తా కూర్చునేది నిజమే గానీ ఊరికే కూర్చోడు అన్నా. కండెలు చుట్టమంటారు, పోగు అతకమంటారు, నడుమ నడుమ రెండు పేకలు కొట్టి చూడమంటారు. చేసి చెడగొట్టుకున్నాక చూస్తే వాడు చూసే చోటే మారిపోతాది.

మనసు_మెదడు (కర్నూలు)
సరిగ్గా అదే. చూడటం ఒక్కటే అయితే అంతంత మాత్రం, చూడటం చేయడం ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి పెడితే చాలా బాగా పనిచేస్తుందని నేర్చుకోవడం మీద పరిశోధన చేసేవాళ్ళు చెప్తారు. చేసినప్పుడు ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది, మళ్ళీ చూసేటప్పుడు ఆ చోటే వెతుక్కుంటారు.

చెక్కభజన_గురువు (పులివెందుల, కడప జిల్లా)
అబ్బా ఈ మాట మా ఆటకు ఎంత సరిపోయిందో. నేను పల్లెల్లో పిల్లోల్లకు చెక్కభజన నేర్పిస్తాంటా. మొదట్లో అందరూ పిల్లోల్లకు ఎదురుగా నిలబడి అడుగులు వేసి చూపిస్తారు. పిల్లోడు నా కుడి కాలు చూసి వాని ఎడమ కాలు వేస్తాడు, తర్వాత ఆలోచించి మార్చుకుంటాడు, ఆలోచించే లోపల తాళం పోతాది. నేను పిల్లోల్లకు వీపు పెట్టి ముందు నిలబడతా, అప్పుడు నా కుడి వాని కుడి ఒకటే. చెక్కలు పట్టే చెయ్యి నేర్పేటప్పుడు పక్కనే కూర్చోబెట్టుకుని నా భుజం మీద నుంచి చూడమంటా. వీడియోల్లో వంట చేసే అక్కలు కూడా అందరూ ఎదురుగా కెమెరా పెట్టుకుంటారు కదా, మన అక్కకు కష్టం అక్కడ కూడా ఉండొచ్చు.

మనసు_మెదడు (కర్నూలు)
గురువు గారూ ఇది చాలా ముఖ్యమైన పాయింట్. చేతిని నడిపించే చూపు లెక్క కట్టేది మన ఒంటి నుంచి, నా చేతికి ఇది ఎంత దూరం ఎటు పక్క అని. ఎదుటి మనిషి చేతిని చూసినప్పుడు మెదడు దాన్ని తిప్పుకోవాలి. మన చెయ్యి మనకి కనిపించే కోణంలోనే తీసిన వీడియో చూసి అనుకరించడం తేలిక.

మీకు ఇంకో సంగతి చెప్తాను. 2005లో లండన్‌లో బ్యాలే డాన్సర్లకీ, కపోయెరా అనే బ్రెజిల్ ఆట ఆడేవాళ్ళకీ రెండు రకాల వీడియోలూ చూపించి మెదడు స్కాన్ తీశారు. అందరూ ఊరికే చూస్తున్నారు, ఎవరూ కదలట్లేదు. తమకి వచ్చిన ఆట చూసేటప్పుడు కదలికలకి సంబంధించిన మెదడు భాగాలు ఎక్కువ పనిచేశాయి, రాని ఆట చూసేటప్పుడు అంత లేదు. చేతనైన వాడికి చూస్తేనే ఒళ్ళు స్పందిస్తుంది. అత్తమ్మ ఆ వీడియో ఒకసారి చూసి ఆవిడ పిండి గట్టిగా కలిపింది అని చెప్పేస్తారు, కోడలికి అది కనిపించదు, ఇద్దరూ చూసింది ఒకటే బొమ్మ అయినా.

హైవే_44 (డోన్)
నాది ట్రాన్స్‌పోర్ట్ లైను, కర్నూలు బెంగళూరు రోడ్డులోనే తిరుగుతాంటా. మీరంతా కన్ను చెయ్యి గురించి చెప్తాంటే నాకు వేరే సంగతి అడగాలనిపించింది. ఒక్కోసారి డోన్ దాటింది గుర్తుంటాది, తర్వాత గుత్తి వచ్చేసి ఉంటాది, నడుమ రోడ్డు ఏమీ గుర్తుండదు. బ్రేకు వేసింటా, లారీని దాటింటా, స్పీడు తగ్గించింటా, అన్నీ సరిగ్గానే చేసింటా. కన్ను చూడకుండా ఉంటే గుంతలో పడేవాణ్ణి కదా. చూసింది యాడికి పోయింది మరి?

మనసు_మెదడు (కర్నూలు)
అన్నా చేతికి కావాల్సిన చూపు చేతికి అందింది, కానీ తర్వాత గుర్తుండాలంటే దాని మీద శ్రద్ధ పడాలి, అది పడలేదు. అలవాటైన పని అలవాటైన రోడ్డు అయితే ఇలా జరుగుతుంది. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది మీ ప్రాణాలకి సంబంధించింది. అలవాటుతో నడిచే చేతికి అలవాటైనవే తెలుసు. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, చీకట్లో లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, ఇవి అందులో ఉండవు. స్ట్రేయర్ అనే ఆయన బృందం 2003లో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద పెట్టిన పరీక్షలో, హ్యాండ్స్‌ఫ్రీ ఫోన్‌లో మాట్లాడుతూ నడిపినవాళ్ళు రోడ్డు పక్క బోర్డుల్ని తర్వాత తక్కువ గుర్తుపట్టారు, కంటి కెమెరా చూస్తే వాళ్ళ కన్ను ఆ బోర్డు మీద నిజంగానే పడింది. చూపు పడింది, మనసు పడలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి కదా హ్యాండ్స్‌ఫ్రీ పర్వాలేదు అనుకునేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 1999లో సైమన్స్, చాబ్రిస్ చేసిన ప్రయోగం కూడా ఇదే చెప్తుంది, బాల్ పాసులు లెక్కపెట్టమంటే నడుమ నుంచి గొరిల్లా వేషం మనిషి నడిచి పోయినా సుమారు సగం మంది చూడలేదు.

హైవే_44 (డోన్)
అర్థమయింది. మా కుర్ర డ్రైవర్లకి చూపిస్తా ఇది. వాళ్ళు చెవిలో అది పెట్టుకునే నడుపుతారు.

ప్రొద్దుటూరు_వాసి (ప్రొద్దుటూరు)
జ్ఞాపకం అని ఇంత మాట్లాడి అవధానం పేరెత్తకపోతే మా ఊరికి అన్యాయం. గడియారం వేంకటశేష శాస్త్రి గారు, దుర్భాక రాజశేఖర శతావధాని గారు, సి.వి. సుబ్బన్న శతావధాని గారు, వీళ్ళంతా ప్రొద్దుటూరు కేంద్రంగా వెలిగినవాళ్ళు. అవధానంలో జ్ఞాపకం దాదాపు అంతా చెవిదీ మనసుదీ. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి, పక్కన ఘంట కొడుతుంటారు దాని లెక్క పెట్టుకోవాలి, కొన్ని చోట్ల వీపు మీద పూలు వేస్తారు అవీ లెక్క పెట్టుకోవాలి. కంటికి పని పడేది వ్యస్తాక్షరిలో. ఒక పద్యపాదాన్ని అక్షరాలుగా విడగొట్టి వరస లేకుండా, ఇది ఫలానా నంబరు అక్షరం అని చీటీ మీద నడుమ నడుమ చూపిస్తారు, చీటీ తీసేస్తారు. అవధాని ఆ అక్షరాన్ని దాని గడిలో మనసులోనే పెట్టుకుని చివర ధారణలో మొత్తం వరసగా చెప్పాలి. కంటికి కనిపించింది చిల్లర చిల్లరగా, మనసులో కట్టింది పూర్తి పాదం. ఇది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చూపు సహాయం చేయడం లేదు, మళ్ళీ చూడటానికి ఏమీ లేదు.

మనసు_మెదడు (కర్నూలు)
పైన చెప్పిన రంగు బిళ్ళలు పేర్చే ప్రయోగానికి ఇది పూర్తిగా అటువైపు అంచు. మళ్ళీ చూసే వీలు లేకపోతే మెదడు చోటుల్ని వాడుకుంటుంది. ఎలినార్ మగ్వైర్ వాళ్ళు 2003లో జ్ఞాపకశక్తి పోటీల్లో గెలిచేవాళ్ళ మెదడు స్కాన్ చేస్తే నిర్మాణంలో తేడా ఏమీ కనిపించలేదు, కానీ గుర్తుపెట్టుకునేటప్పుడు దారులు చోట్లు గుర్తుండే భాగాలు ఎక్కువ పనిచేశాయి. వాళ్ళలో చాలామంది తెలిసిన దారిలో నడుస్తున్నట్టు ఊహించుకుని ఒక్కో చోట ఒక్కోటి పెట్టుకుంటారట. అవధాని గడులు కూడా చోట్లే కదా.

ఫిజియో_కడప (కడప)
నేను ఫిజియోథెరపీ చేస్తాను, పక్షవాతం వచ్చినవాళ్ళు ఎక్కువగా వస్తారు, అందుకే ఈ థ్రెడ్ మొత్తం చదివాను. రెండు విషయాలు చెప్తాను.

ఒకటి, చేసే జ్ఞాపకం నిజంగా వేరు. హెన్రీ మొలైసన్ అనే పేషెంట్‌కి 1953లో మూర్ఛ తగ్గించడానికి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్ ఉన్న భాగం తీసేశారు, ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ ఆయనకి నిలవలేదు. బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీత వెంబడి పెన్సిల్ నడిపించారు, ఎవరికైనా మొదట చాలా కష్టం అది, చెయ్యి అన్నీ తిరగేసి పోతుంది. మూడు రోజుల్లో ఆయనకి బాగా వచ్చేసింది. కానీ ఈ పని తాను ఇంతకు ముందు చేశానని ఏ రోజూ గుర్తులేదు. కాబట్టి కోడలమ్మా మీకు వీడియో గుర్తుండి చెయ్యి రాకపోవడం, ఆయనకి చెయ్యి వచ్చి గుర్తు లేకపోవడం, రెండూ ఒకే సంగతికి రెండు వైపులు.

రెండోది, చూపుతో కదలికని మోసం చేసి బాగు చేయొచ్చు కూడా. వి.ఎస్. రామచంద్రన్ గారు 1990లలో అద్దం పెట్టె తెచ్చారు, తీసేసిన చెయ్యి ఇంకా ఉన్నట్టు నొప్పి పెట్టేవాళ్ళ కోసం. మేము పక్షవాతానికి అద్దం వాడతాం. మంచం పక్క బల్ల మీద నిలువుగా అద్దం, బాగున్న చెయ్యి అద్దం ముందు, పడిపోయిన చెయ్యి వెనక. పేషెంట్ బాగున్న చేతిని మూసి తెరుస్తూ అద్దంలోకే చూడాలి, పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు కనిపిస్తుంది. అందరికీ ఒకేలా పనిచేయదు, మిగతా వ్యాయామాలతో కలిపి రోజూ చేయాలి, కానీ చాలామందికి చేతి కదలిక మెరుగవుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. ఇంట్లోవాళ్ళు చేసే తొందరపని ఏంటంటే పక్కన టీవీ పెట్టేస్తారు. అద్దం నుంచి చూపు పోయిందంటే చేసిందంతా ఉత్త చేతి ఊపుడే.

లేపాక్షి_నీడ (హిందూపురం)
ఫోన్ కెమెరా గురించి కూడా ఎవరైనా చెప్తారేమో అని చూశా. లేపాక్షికి వచ్చే జనం వేలాడే స్తంభం కింద గుడ్డ లాగే వీడియో తీసుకుని వెళ్ళిపోతారు, మూడు తలల ఎద్దు బొమ్మ దగ్గర ఒక్కో తలనే చూస్తే ఒక్కో భంగిమ కనిపిస్తుందని చెప్పినా ఫోటో తీసుకుంటారే గానీ ఆగి చూడరు. లిండా హెంకెల్ అనే ఆవిడ 2014లో మ్యూజియంలో పెట్టిన పరీక్షలో ఊరికే ఫోటో తీసినవాటిని జనం తక్కువ గుర్తుపెట్టుకున్నారు, ఒక భాగం దగ్గరికి జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం లేదు. దగ్గరికి పోవాలంటే ఏ భాగం అని చూడాలి కదా. మా ఊరికి వస్తే అలాగైనా తీయండి.

అనంత_కోడలు (అనంతపురం)
ఎన్ని విషయాలు చెప్పారండీ, అందరికీ నమస్కారం. గురువు గారు చెప్పినట్టు ఎదురుగా కాకుండా అత్తమ్మ వెనక నిలబడి భుజం మీద నుంచి చూశాను, మగ్గం అన్న చెప్పినట్టు ఆవిడ కన్ను ఎక్కడ ఉందో కూడా చూశాను. రొట్టె మధ్యలోకి అత్తమ్మ చూడనే చూడట్లేదు! చూపు అంతా తనకి అవతల వైపు అంచు మీద ఉంది, అంచు ఎక్కడ మందంగా ఉందో అక్కడికి తర్వాతి దెబ్బ పోతోంది. కుడి అరచెయ్యి మొత్తం కాదు, చిటికెన వేలి వైపు కండ ముందు తగులుతుంది, ఆ తగలడంలోనే రొట్టె కొంచెం తిరుగుతుంది. ఎడమ చెయ్యి అంచుని బయట నుంచి కాస్తున్నట్టు వంపుగా ఉంటుంది, పగులు రాబోతుంటే అక్కడ వేళ్ళతో దగ్గరికి నెడుతుంది. ఇన్ని వీడియోలు చూశాను, ఎడమ చేతి పని ఒక్కదాంట్లోనూ నా కంట పడలేదు. అత్తమ్మని అడిగితే ఎడమ చెయ్యి ఏం చేస్తాది ఊరికే ఉంటాది అంటారు.

ఎర్రనేల (ఆదోని)
ఊరికే ఉంటాది అనేదే పని వచ్చినోళ్ళ మాట అక్కా. మా అమ్మ కూడా అంతే అంటాది. మొదట చిన్న ముద్దలు పెట్టుకో, అరచేతి కంటే కొంచెం పెద్ద రొట్టెలు చాలు. ఎడమ చెయ్యి అలవాటు పడినాక సైజు పెంచు.

ఫిజియో_కడప (కడప)
ఒక దాని తర్వాత ఒకటి పెట్టుకోండి, ఒక రొట్టె అత్తమ్మ, ఒక రొట్టె మీరు. మీది పగిలిన వెంటనే ఆవిడది చూడండి. రాత్రి నిద్ర పోయాక మరుసటి రోజు చెయ్యి కొంచెం మెరుగ్గా ఉంటే ఆశ్చర్యపోకండి, నేర్చుకున్న కదలికలు నిద్రలో గట్టిపడతాయి.

చెనిక్కాయ_చేను (కళ్యాణదుర్గం)
మా పెద్దమ్మ ఎనభై దాటినా ఇప్పటికీ రొట్టె తడుతుంది. ఈ థ్రెడ్ చదివాక ఆమె చేతులు వెనక భుజం మీద నుంచి వీడియో తీద్దామని అనుకున్నా, ఎదురుగా కాకుండా. ఆదివారం పోతా. ఎట్ల తీయాల్నో ఎవరైనా చెప్పండి.

మగ్గంపని (ధర్మవరం)
రెండు చేతులూ కనపడేటట్టు తియ్యి తమ్ముడూ, కుడి చెయ్యి ఒక్కటే కాదు. నీ నీడ పీట మీద పడకుండా చూసుకో. అవ్వను ఏం చేస్తాండావో చెప్పమని అడగొద్దు, చెప్తా చేస్తే చెయ్యి మారిపోతాది.

ఎర్రనేల (ఆదోని)
తట్టేది మాత్రమే తీయొద్దు. మసిలే నీళ్ళు పోసే కాడ నుంచి మొదలుపెట్టు, ఎంత సేపు పిసుకుతుందో అంతా పెట్టు, కత్తిరించొద్దు. ఒక ముద్ద నొక్కి పగలగొట్టి కూడా చూపించమను.